వాల్ట్ డిస్నీ బొమ్మలు గీయలేదన్నది నిజమే, మరి ఆయన చేసిందేమిటి?

మీరు అడిగినవి రెండు. ఇన్నేళ్లుగా యానిమేషన్‌లో ఉన్నాను కాబట్టి నాకు బాగా ఇష్టమైన బొమ్మల సినిమాలేవో చెప్పమన్నారు, అది ఒకటి. రెండోది మీ అమ్మాయి గురించి. ఇంటర్ అయ్యాక యానిమేషన్ కోర్సులో చేరతానంటోంది, గోడ మీద వాల్ట్ డిస్నీ ఫొటో పెట్టుకుంది. మీరేమో ఆయన మిక్కీ మౌస్‌ని కూడా సొంతంగా గీయలేదని ఎక్కడో చదివారు, పదిమంది కష్టాన్ని తన పేరు మీద రాసుకున్న మనిషిని పిల్ల ఆదర్శంగా పెట్టుకుందేమో అని మీ అనుమానం. రెండింటికీ కలిపే జవాబిస్తాను. నాకిష్టమైన సినిమాల్లో ఎక్కువ భాగం ఆయన బతికుండగా ఆ స్టూడియోలో తయారైనవే, వాటిలో ఫలానా సీను ఎందుకు అంత బాగుందో చెప్పుకుంటూ పోతే ఆయన చేసిన పనేమిటో దానంతట అదే తేలుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. 2001లో హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా చేరాను. అంటే పెద్ద యానిమేటర్ ఒక కదలికలో ముఖ్యమైన బొమ్మలు గీసి ఇస్తే వాటి నడుమ రావలసిన బొమ్మలు నింపేవాడిని. అన్నీ విదేశీ టీవీ సీరియళ్లు. తర్వాత క్లీనప్, అంటే గరుకు పెన్సిల్ బొమ్మలను శుభ్రమైన గీతలతో మళ్లీ గీయడం, ఆ తర్వాత యానిమేషన్, ఇప్పుడు పదేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. కాబట్టి కింద చెప్పేదాంట్లో చదివి తెలుసుకున్నది కొంత, లైట్ బాక్స్ (అడుగున దీపం వెలిగే బొమ్మల బల్ల) మీద వంగి తెలుసుకున్నది కొంత ఉంటుంది.

మీరు చదివింది నిజం. 1928లో మిక్కీకి రూపం ఇచ్చి, మొదటి మిక్కీ కార్టూన్‌ని దాదాపు ఒంటి చేత్తో గీసినవాడు అబ్ ఐవర్క్స్. కాన్సాస్ సిటీలో కుర్రాళ్లుగా ఉన్నప్పటి నుంచి వాల్ట్‌కి స్నేహితుడు. రోజుకి 700 బొమ్మలు గీశాడని చెబుతారు. లైట్ బాక్స్ ముందు కూర్చున్న ఎవరినైనా అడగండి, ఆ అంకె వినగానే కళ్లు తేలేస్తారు. ఇందులో దాచిందేమీ లేదు, ఆ ఏడాది నవంబరులో న్యూయార్క్‌లో విడుదలైన మిక్కీ కార్టూన్ స్టీమ్‌బోట్ విల్లీ టైటిల్ కార్డు చూస్తే డిస్నీ పేరు కింద ఐవర్క్స్ పేరు స్పష్టంగా ఉంటుంది. వాల్ట్ అప్పటికి కొన్నేళ్ల కిందటే యానిమేషన్ గీయడం మానేశాడు. గీయడంలో తానొక మామూలు స్థాయివాడినని, తన దగ్గర పనిచేస్తున్నవాళ్లు తనకంటే బాగా గీస్తారని ఆయనకు తెలుసు. పాతికేళ్లు కూడా నిండకముందే ఒక మనిషి తన చేతిపని గురించి ఇంత నిక్కచ్చిగా తేల్చుకుని పెన్సిల్ పక్కన పెట్టేయడం చిన్న విషయం కాదండీ. మా రంగంలో ఆ పని చేయలేక, కింద ఉన్నవాళ్ల బొమ్మలన్నీ తన బొమ్మల్లా ఉండాలని పట్టుబట్టి టీమ్‌ని నాశనం చేసినవాళ్లను నేను కళ్లారా చూశాను.

ఆయనకు అప్పటికే రెండు దెబ్బలు తగిలి ఉన్నాయి. కాన్సాస్ సిటీలో పెట్టిన మొదటి స్టూడియో 1923లో దివాలా తీసింది. హాలీవుడ్ వెళ్లి అదే ఏడాది అక్టోబరులో అన్న రాయ్‌తో కలిసి కొత్తది పెట్టాడు. ఓస్వాల్డ్ అనే కుందేలు కార్టూన్లు బాగా ఆడుతున్నాయి అనుకుంటుండగా, 1928లో తేలిందేమిటంటే ఆ కుందేలు హక్కులు తనవి కావు, పైగా తన దగ్గర పనిచేసే యానిమేటర్లలో చాలామందిని డిస్ట్రిబ్యూటర్ అప్పటికే తనవైపు లాగేసుకున్నాడు. వెళ్లకుండా మిగిలిన కొద్దిమందిలో ఐవర్క్స్ ఒకడు. మిక్కీ పుట్టింది ఆ పరిస్థితిలో.

గీయనివాడు మరేం చేసేవాడు? మొదటిది నటన. మిక్కీ గొంతు దాదాపు 1946 దాకా ఆయనదే. స్నో వైట్ తీయాలనుకున్నప్పుడు 1934లో ఒక సాయంత్రం తన యానిమేటర్లను కూర్చోబెట్టి, ఖాళీ స్టేజీ మీద ఒక్కడే నిలబడి కథంతా చేసి చూపించాడు. రాణి ఆయనే, మంత్రగత్తె ఆయనే, ఏడుగురు మరుగుజ్జులూ ఆయనే. హరికథ దాసుగారు ఒక్కరే అన్ని పాత్రలూ అయిపోయినట్టు ఊహించుకోండి. తర్వాత రెండు మూడేళ్లు బల్లల ముందు కూర్చుని గీసేటప్పుడు ఆ రాత్రి చూసిందే తమకు గుర్తొచ్చేదని ఆ యానిమేటర్లు ముసలివాళ్లయ్యాక కూడా చెప్పారు.

రెండోది కథ కూర్చడం. కథను బొమ్మలుగా గీసి గోడ మీద బోర్డుకు వరుసగా గుచ్చి, సినిమా మొదలుపెట్టకముందే మొత్తం కళ్లతో చూసుకునే స్టోరీబోర్డ్ పద్ధతి ఆ స్టూడియోలోనే 1930ల మొదట్లో కుదురుకుంది. ఆ ఆలోచన వెబ్ స్మిత్ అనే కథకుడిదని చెబుతారు, దాన్ని పట్టుబట్టి అందరి చేతా చేయించినవాడు వాల్ట్. మన బాపు గారు షాట్లు ముందే బొమ్మలుగా గీసుకుని షూటింగ్‌కి వెళ్లేవారని మనందరికీ తెలుసు కదా, అదే సంగతి. రాత్రిళ్లు అందరూ వెళ్లిపోయాక వాల్ట్ గదులన్నీ తిరిగి బోర్డులు చూసేవాడట. నలిపి చెత్తబుట్టలో పడేసిన కాగితాలు తీసి చూసి, బాగున్నదాన్ని మళ్లీ బోర్డుకు గుచ్చి పెట్టేవాడని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పుకున్నారు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, బడి. తన ఆర్టిస్టులు శరీర నిర్మాణం సరిగ్గా నేర్చుకోవాలని సాయంత్రాలు లాస్ ఏంజెలెస్‌లోని షూనార్డ్ ఆర్ట్ స్కూల్‌కి తన కారులో తానే దింపేవాడు. 1932లో ఆ స్కూల్ మాస్టారు డాన్ గ్రాహమ్‌ని స్టూడియోకే రప్పించి క్లాసులు పెట్టించాడు. అప్పటిదాకా కార్టూన్ అంటే రబ్బరు గొట్టాల్లాంటి చేతులు, కాళ్లు. ఐదేళ్లలో అదే మనుషులు స్నో వైట్ గీశారు. ఆ ఏళ్లలో అమెరికాలో ఉన్నది మహా మాంద్యం, మిగతా స్టూడియోలు ఇంకా తక్కువ ఖర్చులో ఇంకా ఎక్కువ కార్టూన్లు ఎలా తీయాలా అని చూస్తున్న కాలం. ఆ కాలంలో గీసే పనివాళ్లను జీతమిచ్చి చదివించాడు. మీ అమ్మాయి గోడ మీద ఫొటో దీనికోసమైతే ఉండనివ్వండి.

ఇక సినిమాలు.

స్నో వైట్ 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో కార్తే సర్కిల్ థియేటర్లో మొదటిసారి వేశారు. 83 నిమిషాల సినిమా, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన దాదాపు లక్షా ఇరవై వేల ఫ్రేములు. ఖర్చు 15 లక్షల డాలర్ల దాకా పోయింది, బ్యాంక్ ఆఫ్ అమెరికా దగ్గర అప్పు చేశారు, హాలీవుడ్‌లో దీన్ని డిస్నీ పిచ్చిపని అని పిలిచేవాళ్లు. కార్టూన్ అంటే ఏడు నిమిషాలు, గంటన్నర బొమ్మలెవరు చూస్తారు అని. నేను ఈ సినిమాలో మళ్లీ మళ్లీ చూసేది పాటలు కాదు, చివర్లో శవపేటిక లాంటి ఆ మంచం చుట్టూ మరుగుజ్జులు ఏడ్చే సీను. గీసింది ఫ్రాంక్ థామస్. అందులో కదలిక దాదాపు లేదు. ఇది ఎంత ప్రమాదమో గీసేవాళ్లకు తెలుస్తుంది. చేతితో గీసిన బొమ్మను కదలకుండా ఆపితే అది వెంటనే కాగితమైపోతుంది, ప్రాణం పోతుంది, అందుకే మేము ఏదో ఒకటి కదుపుతూనే ఉంటాం, కళ్లు ఆర్పించడమో, తల ఊపించడమో. ఆయన అవేవీ చేయకుండా తలలు వంచి, కన్నీళ్లు మెల్లగా జారనిచ్చాడు. మొదటి ఆటలో పెద్ద పెద్ద నటులు కూర్చున్న హాలు ఏడ్చింది. గీసిన బొమ్మ చనిపోయిందని మనుషులు ఏడవడం అప్పటికి ఎవరూ చూసి ఉండని సంగతి.

ఇదే సినిమా కోసం వార్డ్ కింబాల్ అనే కుర్ర యానిమేటర్ మరుగుజ్జులు సూప్ తాగే సీను ఒకటి నెలల తరబడి గీశాడు. చాలా సరదాగా ఉంటుంది, ఇప్పటికీ పెన్సిల్ బొమ్మలుగా దొరుకుతుంది. కథ నడక ఆగిపోతోందని వాల్ట్ దాన్ని మొత్తం తీసేశాడు. కింబాల్ ఉద్యోగం మానేద్దామని మాట్లాడడానికి వెళ్లాడు, బయటికి వచ్చేసరికి చేతిలో తర్వాతి సినిమాలో కీచురాయి పాత్ర ఉంది. ఆ తర్వాతి సినిమా పినోకియో.

పినోకియో 1940 ఫిబ్రవరిలో వచ్చింది. గీతలో, రంగులో, వెలుగునీడల్లో చేతితో గీసిన సినిమాల్లో దీన్ని మించింది లేదని నా గట్టి అభిప్రాయం. కానీ దీన్ని మధ్యలో ఆపేశారు. కొన్ని నెలల పని అయ్యాక చూస్తే ఆ కొయ్యబొమ్మ నిజంగానే కొయ్యబొమ్మలా ఉంది, పెంకిగా ఉంది, వాడి మీద ఎవరికీ జాలి కలగడం లేదు. మిల్ట్ కాల్ అనే యానిమేటర్ ముందు మామూలు చిన్నపిల్లాడిని గీసి, తర్వాత వాడి మోకాళ్లకు మోచేతులకు కొయ్య కీళ్లు పెట్టి చూపించాడు. మొత్తం మళ్లీ మొదలుపెట్టారు. ఇటలీ మూలకథలో మాట్లాడే కీచురాయిని పినోకియో మొదట్లోనే సుత్తితో కొట్టి చంపేస్తాడు, ఇక్కడ దాన్నే వాడి మనస్సాక్షిగా సినిమా అంతా నడిపించారు. చేసిన పని బాగాలేదని చేసినవాడికి చెప్పడం, చెప్పాక కూడా వాడు ఇంకా కసిగా పనిచేసేలా చూడడం ఎంత కష్టమో టీమ్ నడిపినవాళ్లకే తెలుసు. వాల్ట్ మెచ్చుకోలు చాలా అరుదు అని అందరూ రాశారు. మొహం మీద ఎప్పుడూ మెచ్చుకునేవాడు కాదు, వేరేవాళ్లతో మెచ్చుకుంటే అది తిరిగి చెవిన పడేది. నేర్పేవాడిగా నాకు ఈ పద్ధతి నచ్చదు, పిల్లలకు మొహం మీదే చెప్పాలి అంటాను.

ఇంతకీ సినిమా మొదటి విడుదలలో నష్టపోయింది. యూరప్‌లో యుద్ధం వచ్చి అక్కడి థియేటర్లు చేజారిపోయాయి. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఫాంటేసియా కూడా అంతే. అక్కడి నుంచి కష్టాలు మొదలయ్యాయి, మీ ప్రశ్నలో రెండో సగం, ఆ పదిమంది కష్టం సంగతి, ఇక్కడే వస్తుంది.

1941 మేలో స్టూడియోలో సమ్మె జరిగింది. పెద్ద యానిమేటర్లకు వారానికి 200 డాలర్లకు పైగా వస్తుంటే కింద ఇంకింగ్ (బొమ్మలకు ఇంకు గీత దిద్దడం), ఇన్‌బిట్వీన్ చేసేవాళ్లలో వారానికి 20 డాలర్లు కూడా రానివాళ్లున్నారు. తెర మీద పేర్లు వేయడంలో కూడా అన్యాయం ఉంది. సమ్మెకు ముందు నిలబడ్డ ఆర్ట్ బాబిట్‌కి సొంతంగా ఏ లోటూ లేదు, అక్కడ బాగా జీతం తీసుకునేవాళ్లలో ఒకడు, గూఫీ పాత్రకు ప్రాణం పోసినవాడు. తన అసిస్టెంటుకి జీతం పెంచమంటే పెంచలేదని మొదలైంది అతని కోపం. వాల్ట్ అతన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు, మర్నాడే గేటు ముందు జనం. వాల్ట్ దీన్ని తన ఇంట్లో పిల్లలు ఎదురు తిరిగినట్టుగా తీసుకున్నాడు, కమ్యూనిస్టుల కుట్ర అన్నాడు, 1947లో ప్రభుత్వ కమిటీ ముందు నిలబడి పేర్లు కూడా చెప్పాడు. ఇందులో ఆయన తప్పే ఎక్కువ అని నేననుకుంటాను. నేను పనిచేసిన ఒకచోట మూడు నెలలు జీతాలు ఆపి, మనమంతా ఒక కుటుంబం అని మీటింగ్ పెట్టారు. ఆ మాట విన్నప్పుడు కడుపు ఎలా మండుతుందో నాకు తెలుసు. అందుకే ఆ సమ్మె ఫొటోల్లో ప్లకార్డులు పట్టుకున్న వాళ్లను చూస్తే మావాళ్లే అనిపిస్తుంది.

ఆ గొడవ రగులుతున్నప్పుడే తయారైంది డంబో, 1941 అక్టోబరులో వచ్చింది. 64 నిమిషాలు, తక్కువ ఖర్చు, నేను మొట్టమొదట పేరు చెప్పే సినిమా ఇదే. ఏనుగు పిల్ల సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడదు. పిల్లాణ్ని ఏడిపించారని తిరగబడ్డ తల్లిని పిచ్చి ఏనుగని బోనులో కట్టేస్తారు, రాత్రి పిల్ల చూడ్డానికి వెళ్తుంది, గొలుసులు అడ్డం, తల్లి రాలేదు, ఊచల్లోంచి తొండం ఒక్కటి బయటికి వచ్చి పిల్ల మొహం తడిమి, ఎత్తుకుని ఊయలలా ఊపుతుంది. అంతే సీను. డంబోని గీసిన బిల్ టైట్లా తన రెండేళ్ల కొడుకుని చూస్తూ గీశాడు. ఫాంటేసియాలో కొండంత భూతాన్ని గీసింది కూడా ఈయనే, అంత బలమైన చెయ్యి పసిబిడ్డ మీద ఎంత మెత్తగా ఆనిందో చూడండి. నాకు కూతురు పుట్టాక ఈ సీను చూడడానికి నాలుగేళ్లు ధైర్యం చాలలేదు. టైట్లా ఆ సమ్మెలో చేరాడు. గేటు బయట నిలబడ్డాక లోపల మునుపటిలా ఉండలేకపోయాడు, 1943లో వెళ్లిపోయాడు, మళ్లీ ఆ స్థాయి పని చేసే చోటు ఆయనకు ఎక్కడా దొరకలేదు. అదే సినిమాలో గుడారం మీద నీడలుగా కనిపించే జోకర్లు యజమానిని జీతం పెంచమని అడుగుదాం పదండి అంటారు, అది సమ్మె చేసినవాళ్లను ఎత్తిపొడవడమే అంటారు. ఇంకో సంగతి, ఇందులోని కాకులు అప్పట్లో నల్లజాతి వాళ్లను సినిమాల్లో చూపించే మూస పద్ధతిలోనే ఉంటాయి, అమ్మాయితో చూసేటప్పుడు ఆ మాట చెప్పి చూపించండి, దాటేయవద్దు.

బాంబీ 1942ది. అడవిని గీయడం వాళ్లకు చేతకాలేదు మొదట. ఆకు ఆకునీ గీస్తే ఆ చిక్కులో జింక కనిపించేది కాదు. టైరస్ వాంగ్ అని ఒక ఇన్‌బిట్వీనర్ ఉండేవాడు, తొమ్మిదేళ్లప్పుడు చైనా నుంచి అమెరికా వచ్చినవాడు. పగలంతా మిక్కీ బొమ్మల నడుమ బొమ్మలు నింపుతూ, బాంబీ తీస్తున్నారని తెలిసి తనంతట తాను కొన్ని అడవి చిత్రాలు వేసి చూపించాడు. పొగమంచులో కరిగిపోయిన చెట్లు, మధ్యలో వెలుగు, అందులో చిన్న జింక. వాల్ట్ అవి చూసి సినిమా మొత్తం ఇలాగే ఉండాలన్నాడు. నాకు ఈ కథ ఎప్పుడు చెప్పినా గొంతు పూడుకుపోతుంది, ఎందుకంటే నేను కూర్చున్న బల్ల కూడా అదే బల్ల, ఇన్‌బిట్వీనర్ బల్ల నుంచి ఎవరైనా తల ఎత్తి చూస్తారన్న ఆశ ఎలాంటిదో నాకు తెలుసు. ఆ ఆశ నిజం చేసినవాడు వాల్ట్. కానీ వాంగ్ సమ్మెలో లేకపోయినా ఆ గొడవల్లోనే 1941లో అతని ఉద్యోగం తీసేశారు, సినిమా టైటిల్స్‌లో బ్యాక్‌గ్రౌండ్లు వేసినవాళ్ల జాబితాలో ఒకడిగా పేరు పడింది. 106 ఏళ్లు బతికి 2016లో చనిపోయాడు, గుర్తింపు వచ్చేసరికి తొంభై దాటాడు.

బాంబీలో వేటకుక్కలు జింకను తరిమే సీను కూడా చూడండి, ఆ కుక్కల గుంపును గీసింది రెట్టా స్కాట్. ఆ స్టూడియోలో యానిమేటర్‌గా తెర మీద పేరు పడిన మొదటి స్త్రీ. మీకున్నది అమ్మాయి కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. 1938లో ఉద్యోగం అడిగిన ఒక యువతికి స్టూడియో ఇచ్చిన జవాబు ఉంది, సృజనాత్మకమైన పని ఇక్కడ మగవాళ్లే చేస్తారు, స్త్రీలకు ఇంకింగ్, రంగులు వేయడం మాత్రమే అని. పారదర్శకమైన సెల్ షీట్ల మీద లక్షల బొమ్మలకు ఇంకు గీత దిద్ది రంగులు నింపినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. స్నో వైట్ బుగ్గల మీద ఆ లేత ఎరుపు వాళ్ల చేతి అద్దకమే, ఫ్రేము తర్వాత ఫ్రేముకి సరిగ్గా అదే చోట. వాళ్ల పేర్లు ఆ తెర మీద లేవు.

1961లో వచ్చిన నూటొక్క డాల్మేషియన్ల సినిమాకి ఆ ఇంకు పని పోయింది. అంతకుముందు రెండేళ్ల కిందట స్లీపింగ్ బ్యూటీకి 60 లక్షల డాలర్లు పెట్టి నష్టపోయారు. మధ్యలో విడిపోయి వెళ్లి, అప్పటికి తిరిగి డిస్నీ దగ్గరికే వచ్చేసి ఉన్న మన ఐవర్క్స్ జిరాక్స్ యంత్రాన్ని సినిమాకి పనికొచ్చేలా మార్చాడు, యానిమేటర్ పెన్సిల్ గీత నేరుగా సెల్ మీద పడుతుంది. ఆ గరుకు గీత వాల్ట్‌కి నచ్చలేదు, పరీ కథల మెత్తదనం పోయిందన్నాడు. యానిమేటర్లకు మాత్రం పండగ, మొదటిసారి తమ చేతి గీత ఎవరూ దిద్దకుండా తెర మీద కనిపించింది. నాకూ ఇదే ఇష్టం. క్రూయెల్లాను మార్క్ డేవిస్ ఒక్కడే గీశాడు, ఆ కోటు ఊపుతూ గదిలోకి దూసుకొచ్చే తీరు చూస్తే గీసినవాడి మణికట్టు కనిపిస్తుంది.

జంగిల్ బుక్ 1967 అక్టోబరులో విడుదలైంది, వాల్ట్ అంతకు పది నెలల ముందు, 1966 డిసెంబరు 15న, చనిపోయాడు. మన దేశపు అడవి కథ కదా అని వెతికితే మన అడవి అందులో దొరకదు. ఏనుగుల గుంపు బ్రిటిష్ పటాలంలా కవాతు చేస్తుంది, ఎలుగుబంటి అమెరికా పాట పాడుతుంది. బిల్ పీట్ అనే ఉద్దండుడైన కథకుడు మూలానికి దగ్గరగా, చీకటిగా రాసుకొస్తే వాల్ట్ ఒప్పుకోలేదు, పీట్ వెళ్లిపోయాడు. నాకు పీట్ రాసింది తీసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. అయినా బల్లూ నడక, షేర్‌ఖాన్ తల తిప్పే తీరు నా విద్యార్థుల చేత ఏటా గీయిస్తాను. ముప్పై ఏళ్లు ఒకే గదుల్లో పనిచేసిన చేతులు అవి. వాటికి తెలియని బరువు లేదు.

డిస్నీవి కాని వాటిలో 1988లో ఒకే రోజు రెండు సినిమాలుగా జపాన్‌లో విడుదలైన జీబ్లీ స్టూడియో వాళ్ల టొటోరో, మిణుగురుల సమాధి, ఈ రెండూ తప్పక చూపించండి, రెండోది మాత్రం పిల్ల కొంచెం పెద్దయ్యాక. బ్రాడ్ బర్డ్ 1999లో తీసిన ఐరన్ జెయింట్ కూడా. ఈయన పద్నాలుగేళ్లప్పుడే డిస్నీ స్టూడియోలో మిల్ట్ కాల్ దగ్గర నేర్చుకున్న కుర్రాడు. తర్వాత చదివింది కాల్‌ఆర్ట్స్‌లో, అంటే వాల్ట్ తన చివరి ఏళ్లలో షూనార్డ్ స్కూల్‌ని ఒక సంగీత కళాశాలతో కలిపించి, ఆస్తిలో పెద్ద వాటా రాసిచ్చి నిలబెట్టిన కాలేజీలో. టాయ్ స్టోరీ తీసిన జాన్ లాసెటర్ కూడా అక్కడివాడే.

ఈ వరస మన దాకా కూడా వచ్చింది, చాలామందికి తెలియదు. క్లెయిర్ వీక్స్ అని డిస్నీలో బాంబీకీ పీటర్ పాన్‌కీ పనిచేసిన యానిమేటర్, పుట్టింది మన దేశంలోనే, మిషనరీల కొడుకు. 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి మనవాళ్లకు యానిమేషన్ నేర్పాడు, బుద్ధుడి జాతక కథ మీద బన్యన్ డీర్ అనే చిన్న సినిమా 1957లో అలా తయారైంది. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లలో రామ్‌మోహన్ ఒకరు, తర్వాత జపాన్ వాళ్లతో కలిసి రామాయణం బొమ్మల సినిమా తీసిన ఆయనే. హైదరాబాద్‌లో నాకు మొదట పెన్సిల్ పట్టుకోవడం దిద్దిన పెద్దాయన బొంబాయిలో ఆ తరం దగ్గర పనిచేసి వచ్చినవారు. డాన్ గ్రాహమ్ క్లాసులో చెప్పిన మాట బొంబాయి మీదుగా అమీర్‌పేటలో ఒక మేడ మీది గదికి వచ్చిందన్నమాట. 2001లో అక్కడ మేం ఎనిమిదిమందికి కలిపి ఒకే జిరాక్స్ కాపీ ఉండేది, డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ కలిసి తమ పని గురించి 1981లో రాసిన పెద్ద పుస్తకం, వంతులు వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లం.

ఆ పుస్తకంలో ఒక పాఠం ఉంది, సగం నింపిన పిండి మూటకు దుఃఖం, సంతోషం, కోపం తెప్పించడం. కళ్లూ నోరూ లేని మూట. మా పెద్దాయన దాన్ని బియ్యం సంచీ చేశారు, నేనూ అదే కొనసాగిస్తున్నాను. కోర్సులో డబ్బు కట్టేముందు మీ అమ్మాయిని ఇది చేయమనండి. ఇంట్లో ఐదు కిలోల సంచీలో సగం బియ్యం పోసి మూతి కట్టి నేల మీద పడేసి, పడ్డప్పుడు అడుగు ఎలా ఉబ్బుతుందో, మెడ ఎటు వాలుతుందో చూసి, ఎనిమిది బొమ్మల్లో ఆ సంచీ అలిసిపోయి కూలబడినట్టు గీయాలి. మొదటి రోజు బాగా రాదు, ఎవరికీ రాదు. డంబో తల్లి తొండం సీనును ముందు మామూలుగా ఒకసారి, తర్వాత మాట ఆపేసి ఫ్రేము ఫ్రేముగా ఒకసారి చూడమని చెప్పి, మళ్లీ గీయమనండి. రెండో వారం కూడా ఆ సంచీ ముందు కూర్చుంటే చేర్పించండి. బొమ్మలు ఫొటో తీసి పంపితే నేను చూసి దిద్ది పంపుతాను.